డ్రోన్లు, ఎయిర్ టాక్సీల పరిశోధనకు, ప్రమాణాలకు మన దేశంలో ప్రభుత్వ మద్దతు: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా డ్రోన్ తయారు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులు, చిన్న సంస్థలు నడిపేవారు, పిచికారీ డ్రోన్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న రైతు సంఘాలవారు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. సబ్సిడీ ఎంత, శిక్షణ ఎక్కడ అన్న ప్రశ్నలకు జవాబులు సులువుగానే దొరుకుతాయి. ఎగిరే యంత్రం భద్రమైనదని ఎవరు తేలుస్తారు, ఏ కొలతతో తేలుస్తారు అన్న ప్రశ్నకు మాత్రం వెతుక్కోవలసి వస్తోంది. అందువల్ల ఎక్కువ చోటు దానికే కేటాయించాను.

ప్రభుత్వ మద్దతు అంటే గ్రాంటు డబ్బేనా?

డబ్బు అందులో ఒక భాగం మాత్రమే. పరీక్షలు జరుపుకోవడానికి గగనతలం ఇవ్వడం, పరిశోధన కోసం ఎగరేసేవారికి అనుమతుల నుంచి మినహాయింపు ఇవ్వడం, ఒకరిద్దరు సొంతంగా కట్టుకోలేని పరీక్షా కేంద్రాలను నిర్మించడం, తయారైన యంత్రాన్ని పరీక్షించి ధ్రువీకరించే వ్యవస్థను నిలబెట్టడం కూడా మద్దతే. నలుగురైదుగురు కలిసి నడుపుతున్న సంస్థకు పది లక్షల గ్రాంటు కంటే, పోలీసులు వచ్చి ఆపుతారన్న భయం లేకుండా రోజంతా ఎగరేసుకోగల స్థలమే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. ఎందుకంటే డ్రోన్ బాగుపడేది బల్ల మీద కాదు, వందల సార్లు ఎగిరి, కొన్నిసార్లు పడిపోయి, ఎందుకు పడిందో తెలుసుకున్న తరువాతనే.

2021 డ్రోన్ నిబంధనలు పరిశోధకులకు ఏం ఇచ్చాయి?

2021 మార్చిలో వచ్చిన నిబంధనలు మరీ కఠినంగా ఉన్నాయని అన్ని వైపుల నుంచి అభ్యంతరాలు రావడంతో, కేంద్ర పౌర విమానయాన శాఖ వాటిని పక్కన పెట్టి అదే ఏడాది ఆగస్టులో కొత్త డ్రోన్ నిబంధనలను ప్రకటించింది. దరఖాస్తు ఫారాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. నిబంధనల పరిధిలోకి వచ్చే డ్రోన్ గరిష్ఠ మొత్తం బరువు 300 కిలోల నుంచి 500 కిలోలకు పెరిగింది.

పరిశోధకులకు వీటన్నిటికంటే ముఖ్యమైన వెసులుబాటు ఇంకొకటి ఉంది. ప్రభుత్వ పరిధిలోని లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన పరిశోధన సంస్థలు, విద్యాసంస్థలు, కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం గుర్తించిన అంకుర సంస్థలు, అధీకృత పరీక్షా సంస్థలు, జీఎస్టీ నంబరున్న డ్రోన్ తయారీదారులు పరిశోధన, అభివృద్ధి, పరీక్షల కోసం ఎగరేసేటప్పుడు టైప్ సర్టిఫికెట్ (డ్రోన్ నమూనాను పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం) గానీ, విశిష్ట గుర్తింపు సంఖ్య గానీ, ముందస్తు అనుమతి గానీ, పైలట్ పత్రం గానీ అవసరం లేదు. అయితే ఆ ఎగరేయడం ఆకుపచ్చ మండలంలోనే జరగాలి. స్థలం పరిశోధన చేస్తున్నవారి సొంత ఆవరణ అయినా కావాలి, వారి అధీనంలో ఉన్న బహిరంగ ప్రదేశమైనా కావాలి. కళాశాల మైదానం దీనికి సరిపోతుంది, అది ఆకుపచ్చ మండలంలో ఉంటే. ఊరి చెరువు గట్టు సరిపోదు.

ఆకుపచ్చ మండలం అని ఎలా తెలుస్తుంది?

దేశమంతటికీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో గీసిన గగనతల పటాన్ని 2021 సెప్టెంబరులో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికపై పెట్టారు. ఆకుపచ్చ చోట 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అవసరం లేదు. పసుపు చోట సంబంధిత విమాన రాకపోకల నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి. ఎరుపు చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడదు. విమానాశ్రయం చుట్టూ ఉండే పసుపు పరిధిని 45 కిలోమీటర్ల నుంచి 12 కిలోమీటర్లకు తగ్గించడంతో నగర శివార్లలోని ఎన్నో కళాశాలలకు దారి తెరుచుకుంది. పటం మారుతూ ఉంటుంది కాబట్టి ఎగరేసే రోజున మళ్ళీ చూసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి.

తెలుగు నేల మీద పరీక్షా కేంద్రాలు ఉన్నాయా?

ఉన్నాయి, అందులో ఒకటి దేశానికే ముఖ్యమైనది. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో తిహాన్ పేరుతో స్వయంచాలిత వాహనాల సాంకేతిక కేంద్రం నడుస్తోంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2018 డిసెంబరులో ఆమోదం పొందిన 3,660 కోట్ల రూపాయల జాతీయ మిషన్ కింద దేశంలో 25 కేంద్రాలను ఏర్పాటు చేసింది. వాటిలో ఒకటైన తిహాన్‌కు 130 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇక్కడి పరీక్షా ప్రాంగణాన్ని 2022 జులైలో ప్రారంభించారు. డ్రోన్ల కోసం చిన్న రన్‌వే, మెత్తగా దిగే స్థలం, హ్యాంగర్, భూమి మీద నుంచి నడిపే నియంత్రణ కేంద్రం ఉన్నాయి. డ్రైవరు లేని కారుకు కృత్రిమంగా వాన కురిపించి పరీక్షించే బాటలు కూడా అదే ప్రాంగణంలో ఉన్నాయి.

కృత్రిమ వాన సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పరీక్షా కేంద్రం విలువంతా అక్కడే ఉంది. ఆకాశంలో నిజమైన వాన మనం అడిగినప్పుడు రాదు, వచ్చినా రెండుసార్లు ఒకే తీరుగా కురవదు. ఒకే పరీక్షను అవే పరిస్థితుల్లో మళ్ళీ మళ్ళీ చేయగలిగినప్పుడే రెండు యంత్రాలను పోల్చగలం. పోల్చగలిగినప్పుడే ప్రమాణం రాయగలం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీని తలపెట్టింది. 2024 అక్టోబరులో మంగళగిరిలో జరిగిన డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడ కృష్ణా తీరంలో 5,500కు పైగా డ్రోన్లు ఒకేసారి ఎగిరిన ప్రదర్శనను చాలామంది చూసే ఉంటారు. అంతకు నెల ముందు బుడమేరు వరదలో మునిగిన కాలనీల్లో డాబాల మీద చిక్కుకున్నవారికి అన్నం పొట్లాలు, నీళ్ళు, మందులు చేరవేసిన డ్రోన్లను కూడా ఆ నగరమే చూసింది. ఓర్వకల్లులో ఎంతమంది తయారీదారులు చేరతారన్నది ఎంత ముఖ్యమో, ఆ 300 ఎకరాల్లో అందరూ వాడుకోగల పరీక్షా సౌకర్యాలు ఎన్ని ఉంటాయన్నది అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

నిబంధనకూ ప్రమాణానికీ తేడా ఏమిటి?

ఏం చేయాలో, ఏం చేయకూడదో నిబంధన చెబుతుంది. చేసినది సరిగ్గా ఉందో లేదో ఎలా కొలవాలో ప్రమాణం చెబుతుంది. పొలంలో పురుగుమందు కొట్టే డ్రోన్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

వీపున మోసే స్ప్రేయర్‌తో ఎకరాకు సుమారు 200 లీటర్ల మందు నీళ్ళు కొడతారు. డ్రోన్ మోసే ట్యాంకు సాధారణంగా 10 లీటర్లదే, ఎకరానికి ఇంచుమించు అంతే వాడతారు. మందు మోతాదు తగ్గదు, నీరే తగ్గుతుంది. అంటే ఆకు మీద పడే ఒక్కో చుక్కలో మందు ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనానికి ఆకు మాడుతుందా? డ్రోన్ రెక్కల నుంచి కిందికి తోసుకొచ్చే గాలి చుక్కలను దుబ్బు మొదలు దాకా తీసుకెళుతుందా, లేక పక్కకు చిమ్ముతుందా? పక్క చేను కూడా వరి అయితే ఆ మందు వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మాదిరిగా గట్టుకు అవతల రొయ్యల చెరువు ఉంటే, కొన్ని రకాల పురుగుమందులు కొద్దిపాటి పరిమాణంలో పడినా రొయ్య బతకదు. మల్బరీ తోట ఉంటే పట్టుపురుగుకూ అదే ముప్పు.

ఈ సంగతులు ఊహతో తేలవు. చేలో వరుసగా కర్రలు పాతి, పైరు తలమట్టాన ఒకటి, నడిమి ఆకుల మధ్య ఒకటి, మొదట్లో ఒకటి చొప్పున చిన్న పసుపు కాగితాలు గుచ్చుతారు. నీటి చుక్క తగిలిన చోట ఆ కాగితం నీలంగా మారుతుంది. డ్రోన్ ఒకసారి దాటిపోయాక కాగితాలు ఏరి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మచ్చలు పడ్డాయో, ఒక్కో మచ్చ ఎంత పెద్దదో లెక్కిస్తారు. డ్రోన్ ఎత్తు అర మీటరు మార్చి మళ్ళీ, వేగం మార్చి మళ్ళీ, నాజిల్ మార్చి మళ్ళీ ఇదే చేస్తారు. గట్టు అవతల గుచ్చిన కాగితాల మీద నీలి మచ్చలు కనబడితే, మందు ఎంత దూరం కొట్టుకుపోతుందో తెలుస్తుంది. డ్రోన్‌కూ పక్క చెరువుకూ మధ్య ఎంత ఎడం వదలాలన్న నియమం ఆ మచ్చల నుంచే పుట్టాలి.

హైదరాబాద్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ రకం పరిశోధనను మొదట చేపట్టినవాటిలో ఒకటి. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ కూడా పంటల పరిశోధనకు డ్రోన్లు వాడేందుకు 2021లో షరతులతో మినహాయింపు పొందింది. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో డ్రోన్ పిచికారీకి ప్రామాణిక కార్యవిధానాన్ని విడుదల చేసింది. 2022 ఏప్రిల్‌లో 477 పురుగుమందులను డ్రోన్‌తో కొట్టడానికి రెండేళ్ళపాటు తాత్కాలిక ఆమోదం ఇచ్చారు. తాత్కాలికం అన్న మాటను గమనించాలి. ఒక్కో మందుకు, ఒక్కో పంటకు విడిగా పొలం లెక్కలు సమకూరాలన్నది దాని ఉద్దేశం. మద్దతు ఆగకుండా అందవలసింది ఇక్కడే. పసుపు కాగితాలు లెక్కపెట్టే పనికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. అయినా అది లేకపోతే మిగిలినదంతా అంచనాయే.

డ్రోన్ దీదీ పథకానికి ఈ ప్రమాణాలతో సంబంధం ఏమిటి?

నేరుగా సంబంధం ఉంది. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని సంకల్పించింది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు కేంద్రం భరిస్తుంది. శిక్షణ 15 రోజులు: ఐదు రోజులు డ్రోన్ నడపడం, పది రోజులు ఎరువులు, పురుగుమందుల పిచికారీ. పొలం గట్టున నిలబడి డ్రోన్ నడిపే అక్కను రైతు అడిగేది ఒక్కటే, ‘అమ్మా, ఎంత ఎత్తున కొడతావు, మందు అడుగు దాకా దిగుతుందా’ అని. ఆమె ధైర్యంగా జవాబు చెప్పాలంటే ఆమె చేతిలో పరీక్షించిన అంకె ఉండాలి.

టైప్ సర్టిఫికెట్ ఎలా వస్తుంది?

తయారీదారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, నమూనా డ్రోన్‌ను భారత నాణ్యతా మండలికి గానీ, అధీకృత పరీక్షా సంస్థకు గానీ అప్పగించాలి. ఆ సంస్థ 60 రోజుల్లోగా పరీక్షించి నివేదిక పంపాలి. నివేదిక అందిన 15 రోజుల్లోగా పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏయే అంశాలను ఎలా పరీక్షించాలో చెప్పే డ్రోన్ ధ్రువీకరణ పథకాన్ని 2022 జనవరి 26న ప్రకటించారు. మొదటి సర్టిఫికెట్ అదే ఏడాది జూన్‌లో ఒక వ్యవసాయ డ్రోన్‌కు దక్కింది. 250 గ్రాములు మించని నానో డ్రోన్‌కు ఈ సర్టిఫికెట్ అవసరం లేదు.

సర్టిఫికెట్ రుసుము 100 రూపాయలే అని చదివి చాలామంది ఖర్చంతా అంతేనని పొరబడతారు. పరీక్షలు జరిపే సంస్థ తీసుకునే రుసుము వేరు, పరీక్షలకు నమూనాలను, పత్రాలను సిద్ధం చేసే ఖర్చు వేరు. చిన్న సంస్థల నడుము విరిచేవి ఈ రెండు ఖర్చులే. పరీక్షా రుసుములో కొంత ప్రభుత్వం భరిస్తే, అది తయారీ ప్రోత్సాహకం కంటే సూటిగా పరిశోధనకు చేరుతుంది.

తయారీ ప్రోత్సాహక పథకం పరిశోధనకు ఉపయోగపడిందా?

పరోక్షంగా మాత్రమే. 2021 సెప్టెంబరులో ప్రకటించిన ఆ పథకం మొత్తం 120 కోట్ల రూపాయలది, మూడు ఆర్థిక సంవత్సరాలకు ఉద్దేశించినది. దేశంలో జోడించిన విలువపై 20 శాతం ప్రోత్సాహకం ఇచ్చారు. డ్రోన్ తయారుచేసే చిన్న సంస్థలకు, అంకుర సంస్థలకు కూడా ఏడాదికి కనీసం 2 కోట్ల టర్నోవరు అర్హతగా పెట్టారు. ఇంకా నమూనా దశలో ఉన్నవారికి ఆ గీత అందలేదు.

విదేశీ డ్రోన్‌ను పరిశోధన కోసం తెప్పించుకోవచ్చా?

పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు ఉంది, దానికి అనుమతి తీసుకోవాలి. విడిభాగాలకు నిషేధం లేదు.

కనుచూపు మేర దాటి ఎగరేసే ప్రయోగాలు ఎక్కడ జరిగాయి?

పైలట్ కంటికి డ్రోన్ కనబడుతున్నంత దూరమే ఎగరేయడం మామూలు పద్ధతి. మందులు, రక్తం చేరవేయాలంటే ఆ హద్దు దాటాలి. దాటాలంటే డ్రోన్ ఎక్కడుందో, ఎదురుగా ఏముందో యంత్రమే తెలుసుకోవాలి. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్ తదితరులతో కలిసి మొదలుపెట్టిన ‘ఆకాశం నుంచి ఔషధం’ ప్రయోగం అలాంటిదే. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి, పెట్టె ఎంతసేపు చల్లగా నిలుస్తుందన్నది కూడా అక్కడ ఎగరడమంత ముఖ్యమైన పరీక్షే. అదే ఏడాది అక్టోబరులో భారత వైద్య పరిశోధన మండలి మణిపూర్‌లో బిష్ణుపూర్ జిల్లా ఆసుపత్రి నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ ద్వీపానికి టీకాలు పంపింది. రోడ్డు మీదుగా 26 కిలోమీటర్లు, గాలిలో 15. ప్రయాణం 12 నుంచి 15 నిమిషాల్లో ముగిసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది అదే మండలి 2023 మేలో ఢిల్లీ పరిసరాల్లో రక్తపు సంచులతో చేసిన ప్రయోగం. డ్రోన్ అదురుకు రక్తకణాలు చితికిపోతాయా అన్నది అక్కడి ప్రశ్న. అందుకని డ్రోన్‌లో పంపిన రక్తంతో పోల్చడానికి అంబులెన్సులో కూడా రక్తం పంపి, రెండింటినీ ప్రయోగశాలలో పరీక్షించే పద్ధతి పెట్టుకున్నారు. దూరం తక్కువే, డ్రోన్ కంటికి కనబడుతూనే ఉంది. అయినా అడిగిన ప్రశ్న సరైనది, తేల్చే పద్ధతి సరైనది. ప్రతి ప్రయోగమూ అలా జరిగితే, ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంటే, తరువాత వచ్చేవారు మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కనవసరం ఉండదు.

ఎయిర్ టాక్సీలకు కూడా డ్రోన్ నిబంధనలే వర్తిస్తాయా?

వర్తించవు. నిలువుగా లేచి, నిలువుగా దిగే విద్యుత్ విమానంలో మనుషులు కూర్చుంటారు, పైలట్ ఉంటాడు. కాబట్టి అది విమానాల చట్రంలోకి వస్తుంది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు, 2024 సెప్టెంబరులో, ఈ కొత్త రకం విమానాల ధ్రువీకరణకు పాటించవలసిన యోగ్యతా ప్రమాణాలను, అవి దిగే వర్టిపోర్టులకు మార్గదర్శకాలను డీజీసీఏ విడుదల చేసింది. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన ఈప్లేన్ సంస్థ ఇప్పటికే డిజైన్ సంస్థగా డీజీసీఏ ఆమోదం పొందింది. బెంగళూరుకు చెందిన సర్లా ఏవియేషన్ తన నమూనాను 2025 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో పెట్టింది.

ఇక్కడ తొందర పనికిరాదు. హెలికాప్టర్ ఇంజను ఆగిపోయినా, కిందికి పడుతున్నప్పుడు తగిలే గాలికి రెక్క తిరుగుతూనే ఉంటుంది, పైలట్ దాన్ని ఆధారం చేసుకుని దిగగలడు. చిన్న చిన్న రెక్కలు ఎన్నో ఉన్న విద్యుత్ విమానానికి ఆ ఆసరా ఉండదు. ఒక మోటారు ఆగితే మిగిలినవి ఆ బరువు మోయాలి, బ్యాటరీ ఒక అర వేడెక్కితే మంట పక్క అరకు పాకకూడదు. వీటిని పరీక్షించే పద్ధతులు ప్రపంచమంతటా ఇంకా రూపు దిద్దుకుంటూనే ఉన్నాయి. ఐరోపా విమానయాన భద్రతా సంస్థ 2019లోనే ప్రత్యేక షరతులు ప్రకటించింది. అమెరికా 2022లో ఈ రంగంపై శాఖల సమన్వయానికి చట్టం చేసింది, 2024 అక్టోబరులో పైలట్ శిక్షణ, నిర్వహణ నియమాలను ఖరారు చేసింది. వారి పనిని అందిపుచ్చుకోవడంలో తప్పు లేదు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే రామగుండంలో, సముద్రపు ఉప్పుగాలి వీచే విశాఖలో బ్యాటరీ ఎలా ప్రవర్తిస్తుందన్నది మాత్రం మనమే కొలుచుకోవాలి.

2025 ముసాయిదా బిల్లు వల్ల పరిశోధనకు ఇబ్బంది ఉంటుందా?

పౌర డ్రోన్ల ప్రోత్సాహం, నియంత్రణ పేరుతో ఒక ముసాయిదా బిల్లును 2025 సెప్టెంబరులో విడుదల చేసి ప్రజాభిప్రాయం కోరారు. అదే నెలలో డ్రోన్లపై జీఎస్టీని 5 శాతానికి తగ్గించడం మంచి నిర్ణయం. బిల్లు విషయంలో నేను గట్టిగా కోరేది ఒక్కటే. 2021 నిబంధనల్లో పరిశోధకులకు ఉన్న మినహాయింపు, ఎవరికి, ఎక్కడ, ఏ షరతులతో అన్న వివరాలతో సహా, చట్టంలోనే స్పష్టంగా ఉండాలి. నమూనా ఎగరేయకుండా టైప్ సర్టిఫికెట్‌కు సిద్ధం కావడం ఎవరికీ సాధ్యం కాదు.

విద్యార్థి బృందం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా కళాశాల ఆవరణ ఏ మండలంలో ఉందో చూసుకుని, కళాశాల పేరు మీదనే పరిశోధన మినహాయింపును వాడుకోవాలి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ డ్రోన్ నైపుణ్యాల శిక్షణ కోసం 2022లో చేపట్టిన స్వయాన్ కార్యక్రమంలో దేశవ్యాప్తంగా 30 విద్యాసంస్థలు భాగస్వాములు, వాటి కోర్సులు, పోటీల ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. పైలట్ శిక్షణ కావాలంటే బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ వంటి అధీకృత సంస్థలు ఉన్నాయి.

వీటన్నిటికంటే ముందు ఒక లాగ్ పుస్తకం కొనండి. తేదీ, గాలి వేగం, ఉష్ణోగ్రత, బ్యాటరీ ఎన్నోసారి ఛార్జి చేసినది, ఎంత బరువుతో ఎంతసేపు ఎగిరింది, దిగేటప్పుడు ఎంత ఛార్జి మిగిలింది అన్నవి ప్రతి ఎగురుడుకూ రాయండి. పడిపోయిన రోజున మరింత వివరంగా రాయండి, విరిగిన రెక్క ఫోటో అంటించండి. రెండేళ్ళ తరువాత ధ్రువీకరణ సంస్థ ముందు కూర్చున్నప్పుడు వారు మొదట అడిగేవి ఇలాంటి లెక్కలే.